చచ్చిన గేదెకి పరస్పర బదిలీ

చెరుకులంక లాకుల దగ్గర నీళ్ళు పల్లానికి పారాలన్నా కాగితం కావాలి. నేను కోతలు కోస్తానని మా లంకలో పేరుంది, ఆ పేరు ఊరికే రాలేదు, కానీ ఈ మాట మాత్రం అచ్చంగా జరిగింది. ఎవరి చేలకి, ఎన్ని అంగుళాలు, ఏ కారణం చేత, ఈ మూడూ రాసి పైనుంచి ఆర్డరు వస్తేనే మేం షట్టరు ఎత్తుతాం. ఒక వరదల ఏడాది గోదారి ఆర్డరు లేకుండా గట్టెక్కి లోపలికి వచ్చేసింది. మా ఆఫీసువాళ్ళు వెంటనే గోదారికి మెమో ఇచ్చారు. అంటించడానికి గోడ మిగల్లేదు కాబట్టి, పడవేసుకుని వెళ్ళి నీళ్ళ మధ్య నిలబడ్డ కరెంటు స్తంభానికి ఆ మెమో కట్టొచ్చింది నేనే. మూడో రోజుకి వరద తీసింది. మెమో దెబ్బకే తీసిందని ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలాంటి ఆఫీసుకి మా లోవరాజు దిగులు జబ్బు తెచ్చుకుని, సెలవు ఇప్పించమని వెళ్ళాడు.

మట్టపర్తి లోవరాజు నాతోపాటు లస్కరు. లస్కరంటే లాకుల దగ్గర షట్టర్లు ఎత్తి దించేవాడు, నీటి మట్టం చూసి పుస్తకంలో రాసేవాడు. నాకు రాత రాదు కనక రాయడం వాడి వంతే, షట్టర్లు మాత్రం ఇద్దరం తిప్పేవాళ్ళం. వరసకి నాకు బావమరిది. మాట మెత్తన, చెయ్యి గట్టి. ఇద్దరు మనుషులు వేలాడితే గాని కదలని గేరు హ్యాండిలుని ఒక్క చేత్తో తిప్పుతూ, రెండో చేత్తో గాలం వేసి, సాయంత్రానికి చేపలూ నీళ్ళూ రెండూ ఇచ్చేవాడు.

కార్తీకం వెళ్ళిన దగ్గర్నుంచి వాడు వాడు కాడు. హ్యాండిలు పట్టుకుని అలా నిలబడిపోయేవాడు. "ఏరా" అంటే "తిప్పుతాను బావా" అనేవాడు, తిప్పేవాడు కాదు. పొద్దున్నే మంచం మీంచి కాళ్ళు కింద పెట్టడానికి గంట పడుతోందన్నాడు. పులుసు నోట్లో పెట్టుకుంటే తడి మట్టిలా ఉందన్నాడు. స్నానం చెయ్యడానికి బొక్కెన దాకా వెళ్ళి, బొక్కెనని చూసి తిరిగొచ్చేవాడు. నిద్ర లేదు. మనిషి పెరట్లో ఎండేసి మర్చిపోయిన చొక్కాలాగ అయిపోయాడు.

లాకుల మీద పదకొండు క్వార్టర్లున్నాయి. పదకొండు రకాల వైద్యం చెప్పారు. మజ్జిగ తాగమన్నారు. మూడూళ్ళు తిరిగి రమ్మన్నారు. ఖాళీగా ఉంటే ఇలాగే ఉంటుంది, ఇంకో ఉద్యోగం చూసుకోమన్నారు. పెళ్ళి చేస్తే కుదురుకుంటాడని ఒక ముసలమ్మ అంది, పెళ్ళయి పన్నెండేళ్ళయిందని చెప్తే, అయితే అదే కారణమంది. నేనేం తక్కువ తినలేదు. మేక తలకాయ కూర వండించి ఎదురుగా కూచుని తినిపించాను. మగాడన్నాక ధైర్యం ఉండాలిరా, నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా అని గంటసేపు చెప్పాను. వాడు కూర తిన్నాడు, ధైర్యం విన్నాడు, పక్కకి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. ఆ రెండిట్లో ఏది పడలేదో నాకు తర్వాత తెలిసింది.

వాడి పెళ్ళాం చక్రవేణి ఏడో తరగతి దాకా చదివింది. మా వైద్యాలన్నీ వారం రోజులు ఓపిగ్గా చూసింది. ఎనిమిదో రోజు వాణ్ణి మండలంలో ఉన్న సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను.

అక్కడ డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గానీ మనిషి చెప్పేది పూర్తిగా వింది. చాలా అడిగింది. చివరికి అంది:

"ఇది డిప్రెషనండి. జబ్బే. షుగరు, బీపీ ఎలాగో ఇదీ అలాగే. ధైర్యం చాలక వచ్చింది కాదు, ధైర్యం చెప్తే పోయేదీ కాదు."

నేను తలకాయ కూర సంగతి తల్చుకుని చక్రవేణి వెనక్కి జరిగాను.

"పిచ్చి కాదు కదండి?" అని చక్రవేణి అడిగింది.

"కాదమ్మా. మందులుంటాయి, మాట్లాడి చేసే వైద్యం ఉంటుంది. చాలామందికి తగ్గుతుంది. పెద్దాసుపత్రికి రాసిస్తాను, ప్రతి సోమవారం చూపించుకోవాలి. ఆరు వారాలు విశ్రాంతి కావాలి. ఇంకో మాట, గుర్తుపెట్టుకోండి. బతకడం ఎందుకన్నట్టు ఎప్పుడైనా మాట్లాడితే, ఒంటరిగా వదలొద్దు. మంచిరోజు, చెడ్డరోజు చూడొద్దు. వెంటనే తీసుకెళ్ళిపోవాలి."

చీటీ తీసుకుని వచ్చాం. లస్కరనేవాడు అనుమతి లేకుండా ఒక పూట మించి లాకులు వదిలి వెళ్తే ఉద్యోగం పోతుంది. అందుకని మర్నాడే ముగ్గురం కాలువల ఆఫీసుకి వెళ్ళాం.

అక్కడ హెడ్డు గుమాస్తా సాంబమూర్తి గారు. ఆయన చేతిలో పడ్డ కాగితం గోదాట్లో పడ్డ అస్థికల్లాంటిది, దణ్ణం పెట్టుకుని ఇంటికి రావడమే. డాక్టరమ్మ చీటీని ఎత్తి వెలుతురుకి పెట్టి చూశారు. సెలవు ఫారం తీసి ఒక గడి మీద వేలు పెట్టారు.

"కారణం రాయలేదే?"

"డిప్రెషనని రాశారు కదండి," అంది చక్రవేణి.

"అది జబ్బు పేరమ్మా. నేనడిగేది కారణం. డెంగ్యూకి దోముంటుంది. కాలు విరిగితే చెట్టుంటుంది. దీనికి దోమేది? చెట్టేది? ఏం లోవరాజూ, నీకేం కష్టం వచ్చింది?"

లోవరాజు తన చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "ఏం రాలేదండి," అన్నాడు.

సాంబమూర్తి గారు గెలిచినట్టు మా వైపు చూశారు. "విన్నారా. కష్టం లేకుండా బాధపడితే దాన్ని ఏమంటారు? తీరిక అంటారు. పైగా ఈ మాట రికార్డులోకి ఎక్కిందా, వీడు పిచ్చివాడని సర్వీసంతా ముద్ర పడిపోతుంది. వీడి మంచి కోరే నేనీ కాగితం తీసుకోవటం లేదు."

"పిచ్చి కాదని డాక్టరమ్మ చెప్పిందండి."

"డాక్టర్లకేం, వాళ్ళకి సర్వీసు రూల్సు తెలుసా?"

మేం కదల్లేదు. చక్రవేణి కదలనంటే లాకు తలుపే. చివరికి మమ్మల్ని డిప్యూటీ ఇంజనీరు, అంటే మా డీఈ గారి గదిలోకి పంపారు. డీఈ పురుషోత్తమరావు గారు మాట్లాడితే ఎదురుగా ఎవరూ లేకపోయినా ఎవరో రాసుకుంటున్నట్టే మాట్లాడతారు. ఇంట్లో కాఫీ కావాలన్నా "కాఫీ విషయమై తగు చర్య తీసుకొనవలసినది" అంటారని వాళ్ళ వంటామె చెప్పింది. అది కోతో కాదో నాకు తెలియదు, కోతైతే అది నాది కాదు.

ఆయన చీటీ చదివి కళ్ళజోడు తీశారు.

"హేతువు లేని వ్యథను శాఖ గుర్తించజాలదు. అయినను ఉద్యోగి సంక్షేమమే శాఖ ధ్యేయము. అందువల్ల ముగ్గురు సభ్యులతో దుఃఖ కారణ నిర్ధారణ సంఘము నియమించుచున్నాను. వారు ఉద్యోగి నివాసమును తనిఖీ చేసి, అందు దుఃఖమునకు తగిన కారణము కలదా లేదా అని నివేదిక ఇవ్వవలెను."

"అంతవరకూ మందులు మొదలెట్టుకోవచ్చాండి?" అని చక్రవేణి అడిగింది.

"కారణము తేలక మునుపే మందులా? తర్వాత కారణము లేదని తేలితే ఆ మందులు వెనక్కి తీసుకొనుట ఎట్లు?"

ముగ్గురం దణ్ణం పెట్టుకుని ఇంటికి వచ్చాం.

సంఘం మంగళవారం వచ్చింది. సాంబమూర్తి గారు, ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు, వేలిముద్ర కోసం నేను. కొలిచే టేపు కూడా తెచ్చారు. లోవరాజు మంచం మీద కూచుని గోడ వైపు చూస్తున్నాడు. వాడి చుట్టూ ఇల్లంతా కొలిచారు. సాంబమూర్తి గారు చెప్తుంటే వర్క్ ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు.

"పెంకుటిల్లు ఒకటి, కురియుట లేదు. బల్ల ఫంకా ఒకటి, తిరుగుచున్నది. పిల్లలు ఇద్దరు, బడికి పోవుచున్నారు. ఉప్పు, చింతపండు నిల్వ సంతృప్తికరము. భార్య ఒకటి, పనిచేయుచున్నది."

"నన్నూ రాసేశారేంటండి?" అంది చక్రవేణి.

"సదుపాయాల కింద రాశామమ్మా. తప్పుగా అనుకోకు, నీకు మంచి రిమార్కే వేశాం."

మంచం కింద టార్చి వేసి చూశారు. ఒక జత చెప్పులు, ఒక చింతగింజ దొరికాయి. చింతగింజని కాసేపు అనుమానించారు గానీ వదిలేశారు.

"ఇరుగుపొరుగుతో తగాదాలేమైనా?"

"లేవండి," అన్నాను నేను.

చక్రవేణి చీర కొంగు నడుములో దోపుకుంది. "తగాదా ఉంటే సెలవిత్తారాండి? ఇప్పుడే పెట్టుకుంటాను. ఎవరితో పెట్టుకోమంటారో మీరే చెప్పండి. మీతో పెట్టుకున్నా పనికొత్తాదా?"

"ఫైలు తెరిచాక పుట్టిన కారణాలు చెల్లవమ్మా," అన్నారు సాంబమూర్తి గారు రెండడుగులు వెనక్కి వేసి.

నివేదికలో చివరి మాట ఇది: స్థలమున ఎట్టి దుఃఖకారకమూ లభ్యము కాలేదు. కింద నా వేలిముద్ర. చదువు రానందుకు నేను జీవితంలో సిగ్గుపడింది ఆ ఒక్క రోజే.

వారానికి నోటీసు వచ్చింది. చక్రవేణి పైకి చదివింది. లస్కరు మట్టపర్తి లోవరాజు తగిన కారణము లేకుండానే విచారమును అనధికారికముగా ఆక్రమించుకుని ఉన్నట్లు రుజువైనందున, ఏడు దినములలోగా సదరు విచారమును ఖాళీ చేయవలెను. లేనిచో శాఖయే ఖాళీ చేయించును.

కాలువ గట్టు మీద పాక వేసుకున్నవాళ్ళకి ఇచ్చే నోటీసే అది. పాక కొట్టేసి విచారం రాశారు, అంతే తేడా.

ఏడో రోజు డీఈ గారే జీపు మీద ఖాళీ అయిందో లేదో చూడ్డానికి వచ్చారు. లోవరాజుని షట్టరు పక్కన నిలబెట్టారు.

"నవ్వవలెను," అన్నారు.

లోవరాజు పళ్ళు చూపించాడు. వాడి పళ్ళు మంచివి. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఏమీ కదల్లేదు. డీఈ గారు ఒక పక్కనుంచీ, ఇంకో పక్కనుంచీ చూసి "పాక్షికముగా ఖాళీ చేసినాడు" అని రాయించారు.

అంతటితో ఫైలు మూసేసేవారే. కానీ ఆ ఫైలు కట్టేటప్పుడు పక్క కట్టలోంచి అబ్బులు కాగితాలు జారిపడ్డాయి.

దొమ్మేటి అబ్బులు దిగువ లాకుల లస్కరు. ఆ ఏడాది గాలివాన వాడి ఇంటి కప్పు ఎత్తుకుపోయింది. మర్నాడు పిడుగు పడి గేదె పోయింది. గేదెని చూద్దామని పరుగెత్తి వాడి పెళ్ళాం సుభద్ర కాలు విరగ్గొట్టుకుంది. ఇన్నీ జరిగితే వాడు ఈల వేసుకుంటూ నీటి మట్టం గేజి చూస్తాడు. "కప్పు పోయాక కోతులు రావటం మానేశాయండి, ఆయ్. దూకడానికేం లేదు కదండి మరి," అంటాడు. వాడి తీరే అంత.

సాంబమూర్తి గారి కళ్ళు మెరిశాయి. ఒకడి దగ్గర కారణం లేకుండా దుఃఖం. ఇంకొకడి దగ్గర మొదటి రకం కారణాలు మూడు, దుఃఖం లేదు. కారణాలు వాడకుండా పడి ఉన్నాయి. ఆడిట్ వాళ్ళు చూస్తే ఊరుకుంటారా. ముందు అబ్బులుకి సంజాయిషీ నోటీసు వెళ్ళింది. ఇన్ని కారణాలు ఉండియు నీవేల దుఃఖించుట లేదు?

అబ్బులు పరుగున వచ్చి డీఈ గారి ముందు చేతులు కట్టుకున్నాడు. వాడితో పోల్చి చూడ్డానికి లోవరాజునీ, తోడుగా నన్నూ పిలిపించారు.

"దుఃఖించితివా లేదా?"

"గేదె పోయిన రోజు ఏడిచానండి, ఆయ్. రొండ్రోజులు అన్నం ముట్టలేదండి. మూడో రోజుకి ఆకలేసిందండి. ఏం చేత్తాం."

"శాఖ అవసరముల దృష్ట్యా మరల ఏడవగలవా?"

"మీరు ఏడవమంటే ఏడుత్తాను గానీ బాబయ్యా, నాది తగ్గిపోయే ఏడుపండి. ఈ లోవరాజుది అది కాదండి." అబ్బులు తల గోక్కున్నాడు. "నాకు గేదె పోయిందండి. ఆడికి గేదె పోలేదు, ఇంటి కప్పు పోలేదు. ఆడికి ఆడే పోయాడండి. అది ఇంకా పెద్దది కదండి."

అంత పెద్ద ఆఫీసులో ఆ మాట అర్థం చేసుకోగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు, వాడు గోడవైపు చూస్తున్నాడు. అబ్బులు మాట్లాడుతుంటే మాత్రం తల తిప్పాడు.

"మూగజీవముల ప్రస్తావన అప్రస్తుతము," అన్నారు డీఈ గారు.

అప్పుడు సాంబమూర్తి గారు ముందుకి వంగి, ముప్పై ఏళ్ళ సర్వీసులో సంపాదించిన తెలివంతా ఒక్క మాటలో పెట్టారు.

"పరస్పర బదిలీ, సార్."

సర్కారు కొలువుల్లో ఇదొక ఏర్పాటు. నువ్వు నా ఊరికి రా, నేను నీ ఊరికి పోతాను, ఇద్దరికీ ఇష్టమైతే పైవాళ్ళకి అభ్యంతరం ఉండదు. అబ్బులు కారణాలు లోవరాజుకి బదిలీ. లోవరాజు నిష్కారణం అబ్బులుకి బదిలీ. అప్పుడు ఏడవాల్సినవాడి దగ్గర కారణముంటుంది, ఏడవనివాడి దగ్గర ఉండదు. రికార్డులు రెండూ శుభ్రం. డీఈ గారు లేచి నిలబడి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు.

ఫారాలు నింపించారు. ఇంటి కప్పు ఒకటి, లేదు. గేదె ఒకటి, చనిపోయినది. కాలు ఒకటి, విరిగినది. కాలు సుభద్ర పేరున ఉంది కాబట్టి ఆవిడ సమ్మతి కావాలన్నారు. నలుగురం మంచంతో సహా మోసుకొచ్చాం.

"కాలు బదిలీ అయిపోతే నొప్పి కూడా ఎల్లిపోద్దాండి?" అని సుభద్ర ఆశగా అడిగింది.

"నొప్పి బదిలీ కాదమ్మా, కారణం ఒక్కటే వెళ్తుంది."

"మరి నొప్పెక్కడుంటాది?"

"ప్రస్తుత స్థానంలోనే కొనసాగుతుంది."

సుభద్ర సంతకం పెట్టి, వాళ్ళు విన్నా విననట్టు వదిలేసే రకం తిట్టొకటి తిట్టి, మంచం ఎత్తమంది.

కాగితాలు డివిజనుకి వెళ్ళాయి, అక్కణ్ణుంచి సర్కిల్‌కి. గేదె ఏ రంగో రాయలేదని ఒకసారి వెనక్కి వచ్చాయి. గేదెకి రెండు రంగులు ఎక్కడుంటాయని మేం నల్లరంగు రాసి పంపాం. చనిపోయినట్టు గేదె సంతకం లేదని రెండోసారి వచ్చాయి. ఇది కోత, ఒప్పుకుంటున్నాను. రెండోసారి ఎందుకు వచ్చాయో ఎవరికీ తెలియదు. కాగితాలు అలా వస్తూ పోతూ ఉండగానే దాళ్వా చేలు, అంటే రెండో పంట, ఆఖరి తడి దాకా వచ్చేశాయి. ఈలోపల లోవరాజు యథాస్థితి పాటించాలని ఆఫీసు ఆర్డరు. వాడు పాటించలేదు. సగమైపోయాడు. వాడి షట్టర్లు నేను తిప్పుతున్నాను, గేజి పుస్తకం చక్రవేణి రాస్తోంది.

ఒకసారి చక్రవేణి "మానేద్దాం, ఉద్యోగం పోతే పోనీ" అంది. లోవరాజే ఒప్పుకోలేదు. పిల్లలు ఉన్నారు, క్వార్టరు పోతుంది, ఇంకో వారంలో వచ్చేస్తుందిలే అన్నాడు. మా అందరికీ అదే ఆశ. ఆఫీసు కాగితం వస్తుందని ఆశపడటం కూడా ఒక జబ్బేనని, దానికి మందు లేదని నాకు అప్పటికి తెలియదు.

ఏప్రిల్లో ఆర్డరు వచ్చింది. గురువారం పదకొండు గంటలకి లాకుల దగ్గర కారణాల ఛార్జీ అప్పగింత. డీఈ గారు స్వయంగా వస్తారు. ఆ వెంటనే సెలవు మంజూరు, శుక్రవారం పెద్దాసుపత్రి.

గురువారం పొద్దున్న ఎనిమిదింటికి నేనూ లోవరాజూ వంతెన మీద ఉన్నాం. నేను గడ్డి ఏరుతున్నాను. వాడు కిందకి చూస్తున్నాడు. చాలా మామూలుగా, సంతలో ధర చెప్పినట్టు అన్నాడు:

"బావా, నేను లేకపోతే చక్రవేణికి బరువు తగ్గుద్దనిపిత్తంది."

చేతిలో గడ్డి పారేశాను. వాడి చెయ్యి పట్టుకున్నాను. "నాతో రారా" అన్నాను. వాడు వచ్చాడు, చెయ్యి పట్టుకున్న పిల్లాడిలాగ. క్వార్టరు దాకా ఆ చెయ్యి వదల్లేదు.

చక్రవేణి విన్నది. ఏడవలేదు. పొయ్యి మీద నీళ్ళు పోసేసింది.

"పద," అంది వాడితో.

"పదకొండింటికి డీఈ గారు వత్తారే, ఇంకో మూడు గంటలే కదా, సెలవొచ్చేత్తాది," అన్నాడు లోవరాజు.

"వచ్చి ఆ గేదెని ఆయన్నే మోసుకెళ్ళమను. డాక్టరమ్మ ఏం చెప్పింది? వెంటనే అంది. పదకొండింటికి అనలేదు." చెప్పులు వాడి కాళ్ళకి తనే తొడిగింది. "నువ్వు నాకు బరువని ఎవడన్నాడు? నువ్వు తిప్పకపోతే ఆ షట్టర్లు ఈయన తిప్పుతున్నాడు, చూడు, నడుం వంగిపోయింది. అన్నయ్యా, ఆటో పిలవండి."

షట్టర్ల దగ్గర మనిషి ఉండాలి కాబట్టి నేను ఆగిపోయాను, ఎనిమిదిన్నరకి ఆటో కదిలింది. వాడు మధ్యలో, ఒక పక్క చక్రవేణి, ఇంకో పక్క మా క్వార్టర్ల పాలాయన. పాలు పొయ్యడానికి వచ్చి, సంగతి విని, కేన్లు వాళ్ళ గుమ్మంలో పెట్టి ఎక్కేశాడు.

పదకొండింటికి జీపు వచ్చింది. బల్ల వేశారు, బల్ల మీద పచ్చ గుడ్డ వేశారు. అబ్బులు తలంటుకుని వచ్చి నిలబడ్డాడు. అప్పగించే కాగితం మీద వాడు సంతకం పెట్టేశాడు. తీసుకునేవాడి వైపు కుర్చీ ఖాళీగా ఉంది.

"లోవరాజు ఏడి?" అన్నారు సాంబమూర్తి గారు.

"పెద్దాసుపత్రికెళ్ళాడండి."

"అనుమతి లేకుండా? ఈరోజే అనుమతి వచ్చే రోజు కదయ్యా?"

"పదకొండింటి దాకా ఉండలేకపోయాడండి," అన్నాను.

వాళ్ళ మొహాలు పాలిపోయాయి. లోవరాజు కోసం కాదు. అబ్బులు కారణాలు అప్పగించేశాడు, పుచ్చుకునేవాడు లేడు. కప్పు, గేదె, కాలు మూడూ గాల్లో ఉన్నాయి. సర్కారు సొత్తు ఒక్క నిమిషం కూడా ఎవరి ఛార్జీలోనూ లేకుండా ఉండకూడదు. సాంబమూర్తి గారు రూల్సు పుస్తకం తిరగేశారు. పుచ్చుకోవలసినవాడు హాజరు కానప్పుడు, స్థలమున ఉన్న పై అధికారి తాత్కాలికముగా ఛార్జీ తీసుకొనవలెను.

స్థలమున ఉన్న పై అధికారి గొంతు సవరించుకున్నారు. సంతకం పెట్టారు. పన్నెండుంపావుకల్లా డీఈ పురుషోత్తమరావు గారికి ఇంటి కప్పు పోయింది, గేదె చచ్చింది, ఆడమనిషి కాలు ఒకటి విరిగింది.

అబ్బులు ముందుకొచ్చి నమస్కారం పెట్టాడు. "పాడి గేదండి. రొండు పూటలా కలిపి ఆరు లీటర్లిచ్చేది. తవరు మరీ మనసులో పెట్టుకోకండి, ఆయ్."

డీఈ గారు మనసులో పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే తగిన కారణములు మూడు జతపరిచి ఆరు వారాల సెలవు పెట్టారు. సర్కిల్‌వాళ్ళు ఫోన్లోనే మంజూరు చేశారు. ఇంత స్పష్టమైన ఫైలు తమ సర్వీసులో చూడలేదని మెచ్చుకున్నారట. ఆయన దుఃఖాన్ని తీసుకుని చల్లటి కొండల మీదికి వెళ్ళారు. ఆరు వారాలకి నాలుగు కిలోల బరువు పెరిగి వచ్చారు.

లోవరాజు ఆ గురువారమే ఆసుపత్రిలో చేరాడు. పన్నెండు రోజులు ఉంచుకున్నారు. మందులు మొదలుపెట్టారు, రోజూ ఒకాయన కూచోబెట్టి మాట్లాడించాడు. నేను చూడ్డానికి వెళ్ళిన మొదటిసారి ఏమీ తేడా లేదు. మందులు పనిచెయ్యటం లేదని నేను మళ్ళీ డాక్టరైపోబోతుంటే, వారాలు పడుతుందని చెప్పారని చక్రవేణి నా నోరు మూయించింది. నాలుగో వారం రాత్రంతా నిద్రపోయాడు. అయిదో వారం పులుసులో ఉప్పు తక్కువైందన్నాడు. చక్రవేణి వీధిలోకి వచ్చి, ఉప్పు తక్కువైందట అని పదకొండు క్వార్టర్లకీ చెప్పింది. ఇంకా పదహారణాలూ రాలేదు. పన్నెండణాలు వచ్చాడు. ఒక్కోరోజు ఎనిమిది. ప్రతి సోమవారం వెళ్ళాలి, ఏడాది దాకా మందులు మానకూడదన్నారు.

జూన్‌లో కాలువలకి కొత్త నీళ్ళు వదిలారు. వాడు మళ్ళీ హ్యాండిలు పట్టుకున్నాడు. ఆ వారంలోనే మెమో వచ్చింది, మూడు కాపీలు. సాంబమూర్తి గారే స్వయంగా తెచ్చారు. చక్రవేణి చదివింది.

శాఖచే గుర్తించబడని జబ్బునుండి, శాఖ అనుమతి లేకుండా, శాఖ సూచించని మార్గమున కోలుకున్నందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.

"తగ్గినందుకాండి?" అంది చక్రవేణి.

"తగ్గినందుకు కాదమ్మా, తగ్గిన పద్ధతికి." సాంబమూర్తి గారు కాస్త జాలిగానే చెప్పారు. "లేని జబ్బు తగ్గిందంటే, అప్పుడు ఉందన్నట్టే కదా. ఉందంటే మా నివేదిక తప్పన్నట్టే కదా. అందుకని, తగ్గలేదని రాసిచ్చేస్తే ఏ గొడవా ఉండదు. మొదట్నుంచీ బాగానే ఉన్నాడని రాయండి. నేనే డ్రాఫ్టు చేసిస్తాను."

లోవరాజు మెమో తీసుకుని రెండుసార్లు చదువుకున్నాడు.

"అలా రాయనండి," అన్నాడు. "జబ్బు చేసింది. వైద్యం చేయించుకున్నాను. ఇంకా చేయించుకుంటాను. అదే రాసుకోండి."

"ఉద్యోగానికి ఇబ్బందయ్యా."

"అవుద్దండి. చూత్తాం."

సాంబమూర్తి గారు గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఆ చర్య ఇంకా నడుస్తూనే ఉంది. సర్కిల్‌కి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

ఆ వచ్చే సోమవారం మళ్ళీ ఆసుపత్రి. చక్రవేణి ఇడ్లీలు ఆకులో పెట్టి, ఆకు మీద మెమో మూడో కాపీ చుట్టి, పురికొస కట్టింది. సర్కారు కాగితం దళసరి, నూనె కారదంది. ఇద్దరూ ఏడున్నర బస్సెక్కారు. బస్సు కదిలి పది గజాలు వెళ్ళాక లోవరాజు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బావా, మూడో షట్టరు గేరు కీచుమంటంది. గ్రీజు పెట్టు. పై పళ్ళకి కాదు, కింద పళ్ళకి."

ఏడు నెలల్లో వాడు నాకు పని చెప్పడం అదే మొదలు. ఎండ నెత్తికెక్కకముందే వెళ్ళి, కింద పళ్ళకి పెట్టాను.